ఏటి ఇసుకపై టెర్న్ పక్షులు

పల్నాటి వీరుల కథ విన్నవారికి నాగులేరు పేరు క్రొత్త కాదు. కారెంపూడి ప్రక్కగా, దాచేపల్లి మీదుగా పారి ఆ యేరు కృష్ణలో కలియుచున్నది. వేసవిలో కృష్ణ నీరు తగ్గి ఇసుక తిన్నెలు, రాతి దిబ్బలు బయటపడినప్పుడు వానిపై ఎగురు తెల్లని పక్షులను ఇచటివారు చూచియే యుందురు. ఇవి కొంగలు కావు. ఆంగ్లమున వీనిని టెర్నులందురు.

నదీ టెర్నును గుర్తించుట కష్టము కాదు. ముక్కు పసుపుపచ్చన, కాళ్ళు ఎఱ్ఱన, వీపు బూడిదవన్నె. తోక కత్తెరవలె చీలియుండును. గ్రుడ్లు పెట్టు కాలమున తలపై నల్లని టోపీ పెట్టినట్లు కనబడును. తల వంచి నీటిని చూచుచు ఎగిరి, చేప కనబడగనే నిట్టనిలువున దూకును.

ఈ పక్షి పుల్లలతో గూడు కట్టదు. మార్చి నుండి మే వరకు, ఇసుకలో చిన్న గుంట చేసి రెండు మూడు గ్రుడ్లు పెట్టును. వాని మచ్చలు ఇసుకలో, గులకరాళ్ళలో కలిసిపోవును. ఆ వన్నె గ్రుడ్లను శత్రువుల కంటబడకుండ కాచును గాని మన కాలి క్రింద పడకుండ కాపాడజాలదు.

ఒక వేసవి ఉదయమున మేము కెమెరాతో తిన్నె చేరితిమి. ఎగురు టెర్ను రెక్కలు పటములో స్పష్టముగ రావలెనన్న సెకనులో రెండువేలవ వంతు కాలమే కెమెరా తెర తెరచియుండవలెను. పక్షులు మా తలలపై అరచుచు తిరుగుచుండగా మంచి అదను దొరకినదని సంతసించితిమి. ఒక పక్షి మాటిమాటికి దిగబోయి, మమ్ము చూచి మరల లేచుట ఆలస్యముగ గమనించితిమి. అంతసేపు దాని గ్రుడ్లు ఎండలోనే ఉన్నవి. పల్నాటి ఎండలో పొదుగుట యనగా వెచ్చదన మిచ్చుట కాదు, నీడ నిచ్చుట. పొట్ట ఈకలను నీట తడిపి వచ్చి తల్లిదండ్రులు గ్రుడ్లను చల్లబరచును. అవి లేచినచో కాకులకు, కుక్కలకు అడ్డుండదు. మేము వెంటనే మరలితిమి.

మనుష్యుల రాకయే కాదు, ఇసుక త్రవ్వకము, ఎగువ జలాశయములనుండి హఠాత్తుగ వచ్చు నీరు కూడ తిన్నెల నపహరించును. నదీ టెర్ను నేడు అంతర్జాతీయముగ అపాయమున్న జాతులలో చేరినది. దాని చుట్టమైన నల్లపొట్ట టెర్ను స్థితి ఇంకను విషమము. పక్షుల గ్రుడ్లను, గూళ్ళను పాడుచేయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము.

కావున గ్రుడ్ల కాలమున తిన్నెపై కాలు మోపరాదు. ఒడ్డున కదలక కూర్చుండి, దూరపు లెన్సుతో, చేపకై దూకు పక్షిని పటము తీయవచ్చును. పక్షి మన తలపై అరచుచు తిరిగినచో, మనము హద్దు దాటితిమని తెలిసికొని వెనుకకు నడువవలెను. ఆ పటము మరునాడైనను దొరకును. ఎండకు చెడిన గ్రుడ్డు మరల దొరకదు.