పిడి సడలిన వ్యాయామసాధనము

పనిముట్టునకు పిడి ప్రాణము. కొడవలి యెంత పదునైనను పిడి కదలినచో కోతకు పనికిరాదు. కామ సడలిన గొడ్డలి కట్టెను నఱకుటకు ముందు కాలిని నఱకును. ఈ సంగతి మన పల్లెలలో పసిపిల్లలకు సైతము తెలియును. అయినను, ఇటీవల మన యిండ్లలోనికి వచ్చిన వ్యాయామసాధనముల యెడ మాత్ర మీ యెఱుక మనకు చాలినంతగా లేదు. నడకయంత్రము, ఉన్నచోటనే త్రొక్కు సైకిలు, డంబెల్లు, సాగదీయు రబ్బరు గొట్టములు — వీనికి చేతితో పట్టుకొను తావున రబ్బరుతోనో, స్పంజివంటి మెత్తని పదార్థముతోనో చేసిన తొడుగుండును. కొన్నియేండ్లు గడచునప్పటికి ఆ తొడుగు గొట్టముమీద తిరుగాడజొచ్చును. "కదలిన నేమి, పనిచేయుచునే యున్నది గదా" యని మన మూరకుందుము. అట్లూరకుండుట మంచిది కాదనియు, దానిని బాగుచేసికొనుట మనకు సాధ్యమే యనియు చెప్పుటకే మే మీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా ఆర్మూరు పసుపుబేరముల యూరు. సంక్రాంతి మొదలుకొని వేసవి వఱకు చుట్టుప్రక్కల గ్రామములలో పసుపు త్రవ్వుట, ఉడికించుట, ఎండబెట్టుట, డ్రమ్ములలో త్రిప్పి మెఱుగుపెట్టుట జరుగుచుండును. ఆ పనులలో పొద్దు పుచ్చు స్త్రీలకు వేఱుగ వ్యాయామ మక్కఱలేదు. వారికి కావలసినది విశ్రాంతి. పట్టణములోని గృహిణుల సంగతి యట్లు గాదు. రోలు, రోకలి, విసుఱ్ఱాయి మూలబడినవి. వానితో పాటు మన భుజములకును, మణికట్టులకును గల శ్రమయు పోయినది. పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వఱకు మధ్యరకపు శ్రమ చేయవలెననియు, రెండు దినములైనను కండలకు బలమునిచ్చు పని చేయవలెననియు, 65 ఏండ్లు దాటినవారు తూలిపడకుండుటకై మూడు దినములు ప్రత్యేకాభ్యాసము చేయవలెననియు ప్రపంచారోగ్యసంస్థ 2020వ సంవత్సరమున చెప్పినది. వ్యాయామమును తన శక్తిలో సగము మేరకే చేయవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించెను. ఈ రెంటిని కలిపి చూచుకొన్నచో, మితముగను విడువకను చేయు శ్రమయే మేలని తేలుచున్నది. విడువక చేయవలెనన్నచో సాధనము నమ్మదగినదై యుండవలెను గదా!

మా వీధిలో నొక పెద్దమ్మగారు కలరు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. పూటకు పావుగంట సైకిలు త్రొక్కుమని వైద్యులు చెప్పగా, కుమారుడు తెచ్చి యింట పెట్టెను. ఒకనాడామె దిగుచు ఎడమచేతి పిడిపై బరువు మోపగా, తొడుగు జారి చేతిలోనికి వచ్చినది. కోడలు ప్రక్కనే యుండుటచే తుంటియెముక దక్కినది. మణికట్టు మాత్రము బెణికినది. మరమ్మతువాడు వచ్చి, పిడికొమ్ము మొత్తము మార్చవలెననెను. అతడు చెప్పిన వెల విని కుమారుడు, ఇక దానిని మేడమీద పడవేయుద మనెను. ఇచ్చటనే మనము జాగ్రత్తగా ఆలోచింపవలెను. మూలబడునది సైకిలు మాత్రమే కాదు, ఆ పెద్దమ్మ నడక కూడ. ఆ కోడలును మేమును కలిసి ఒక మధ్యాహ్నములో దానిని బాగుచేసితిమి. ఆ విధము క్రింద తెలుపుచున్నాము.

సడలిన దేది?

మొదట సడలినది తొడుగా, గొట్టమా యని తెలిసికొనవలెను. ఒక చేత గొట్టమును బిగబట్టి, రెండవచేత తొడుగును మెలిపెట్టి చూడుడు. తొడుగు మాత్రమే తిరిగినచో అది యింట చేసికొనదగిన పని. గొట్టము కూడ కదలినచో దానిని పట్టియుంచు బోల్టు వదులైనదన్నమాట. తగిన తాళపుచెవితో బిగింపవలెను. బోల్టు మఱ అరిగియున్నను, అదుకు వద్ద చీలిక కనబడినను ఇంట ముట్టరాదు. వెల్డింగు పని తెలిసినవానికి చూపువఱకు ఆ సాధనము నుపయోగింపరాదు. సాగదీయు రబ్బరు గొట్టము పిడిదగ్గర పగిలియున్నచో దానికి మరమ్మతే లేదు. తెగినచో కంటికి తగులును గనుక పాఱవేయవలయును. డంబెల్లు గుండు పిడినుండి కదలుచున్నచో దానిని పైకెత్తరాదు.

తొడుగు సడలుటకు కారణములు మూడు. చెమట అంచులలోనుండి లోపలికి దిగి పాతజిగురును మెత్తబఱచుట యొకటి. స్పంజి నలిగి నలిగి పలుచబడుట రెండవది. తలకు రాచుకొన్న నూనె చేతులనుండి రబ్బరునకు పట్టుట మూడవది. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి, సాగి, బిగువు కోల్పోవును. పసుపుచేతి మరక పట్టును సడలింపదు గాని నూనెచేయి సడలించును.

ఊడదీయుట

నడకయంత్రమైనచో ముందుగా కరెంటు ప్లగ్గు తీసివేయవలెను. కొన్ని సైకిళ్ల పిడులలో నాడి కొలుచు లోహపు రేకులుండును. వాని తీగలు గొట్టములోపలనుండి పోవును. అట్టి పిడిని లాగరాదు, లోపలికి పుల్ల దూర్పరాదు. అది నేర్పరి పని.

రేకులు లేని తొడుగైనచో చివరి మూతను తీసి, మొనలేని అల్లికసూదిని అంచుక్రింద మెల్లగ దూర్చి, ఆ సందున సబ్బునీరు చుక్కలుగ వేయవలెను. సూదిని చుట్టును త్రిప్పుచు, తొడుగును మెలిపెట్టుచు లాగినచో ఊడివచ్చును. మరల వాడుకొనదలచిన తొడుగును కత్తితో కోయరాదు.

తరువాత గొట్టముమీది పాతజిగురును గీకి, త్రుప్పు పట్టియున్నచో ఉప్పుకాగితముతో రుద్ది, సబ్బుజిడ్డు పోవునట్లు తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టవలెను. పిమ్మట మందులదుకాణములో దొరకు స్పిరిటుతో గొట్టమును, తొడుగు లోపలిభాగమును తుడువవలెను. స్పిరిటు ఇట్టె అంటుకొనును. పొయ్యి, దీపము, అగరువత్తి దరిదాపుల నుండరాదు. కిటికీలు తెఱచియుంచి, పిల్లలను దూరముగ నుంచవలెను.

తొడుగుట

తొడుగు రబ్బరుదై, గట్టిగనే యున్నచో, లోపల మరల కొంచెము స్పిరిటు తడిచేసి ఒక్క ఊపున చివరవఱకు త్రోయవలెను. స్పిరిటు జారుడునిచ్చి, తరువాత తానే ఆవిరియై పోవును. రబ్బరు గొట్టమును కఱచి పట్టుకొనును. ఎక్కించునప్పుడు సబ్బునీరు వాడరాదు, దాని జిడ్డు లోపల నిలిచియుండును. నూనె యెన్నడును వాడరాదు. ఒక రాత్రి కదలింపక యుంచవలెను.

తొడుగు సాగి వెడల్పైనచో గొట్టముమీద సన్నని నూలుపట్టీని ముడుతలు లేకుండ ఒక పొర చుట్టి, దానిపై నెక్కింపవలెను. రబ్బరు జిగురు వాడదలచినవారు ముందుగా తొడుగు లోపలి అంచున ఒక చుక్క వేసి చూడవలెను. కొన్ని జిగురులు స్పంజిని కరగించును. నలిగి పొడియగుచున్న స్పంజిని అతికి లాభములేదు, క్రొత్తది కొనవలెను.

క్రొత్తది కొనుటకు కొలత కావలెను. గొట్టముచుట్టు దారము త్రిప్పి, ఆ దారము పొడవును 3.14 చేత భాగింపుడు. దారము ఇంచుమించు 69 మిల్లీమీటర్లున్నచో గొట్టము మందము 22 మిల్లీమీటర్లు. ఇది సామాన్యముగా సైకిలు హేండిలు కొలత, గనుక సైకిలుదుకాణములోని తొడుగు సరిపోవును. దారము 78, 79 మిల్లీమీటర్లున్నచో మందము 25. దానికి సైకిలుతొడుగు పట్టదు. పొడవును కూడ కొలిచి వ్రాసికొని పోవుడు. బడిలో నేర్చిన వృత్తపరిధిలెక్క యిట్లు వంటింటి దారముతో అక్కఱకు వచ్చును.

తొడుగే దొరకనిచో నూలుపట్టీతో పిడి కట్టుకొనవచ్చును. చివరనుండి మొదలుపెట్టి, ప్రతిచుట్టును ముందటిచుట్టులో సగమును కప్పునట్లు, బిగువు సమముగ నుండునట్లు చుట్టి, కొసను అంటుపట్టీతో అదుమవలెను. మందము మాత్రము మితి మీఱరాదు. బరువులెత్తు పోటీలలో పురుషుల కడ్డీ 20 కిలోల బరువు, 28 మిల్లీమీటర్ల మందము గలది. స్త్రీల కడ్డీ 15 కిలోల బరువు, 25 మిల్లీమీటర్ల మందము గలది. స్త్రీచేతికి తగిన పిడి వేఱని ఆ నియమములు చేసినవారు గుర్తించిరి. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మన శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 110 కిలోలు, 130 కిలోలు, వెరసి 240 కిలోలెత్తి కాంస్యపతకము గొని, ఒలింపిక్ పతకమందిన తొలి భారతస్త్రీ యయ్యెను. మన పిడికొలత సులభము: పిడిని పట్టినప్పుడు బొటనవ్రేలు తక్కినవ్రేళ్ల కొసలను తాకవలెను. తాకనిచో ఒక పొర విప్పుడు.

పరీక్షయు, కాపుదలయు

బాగుచేసిన పిడిపై వెంటనే బరువు మోపరాదు. నేలమీద నిలిచి, పొడిచేతులతో బలముకొలది లాగియు, మెలిపెట్టియు చూడవలెను. కదలనిచో అప్పుడెక్కవలెను. ఇంటిలో వృద్ధు లుపయోగించునదైనచో, వారికంటె ముందు మనమే పరీక్షింపవలెను. వారమున కొకసారి ఇట్లు చూచుటకు రెండు నిమిషములు చాలును. వ్యాయామము ముగియగనే పిడిని పొడిగుడ్డతో తుడుచుట, నూనెచేతులతో ముట్టకుండుట, ఎండ తగులు కిటికీదగ్గర పెట్టకుండుట — ఈ మూడును పాటించినచో తొడుగు చాలకాలము మన్నును.

చెక్కపిడులను గూర్చి యొక్క మాట. కఱ్ఱపిడి వేసవిలో ఎండి కుంచించుకొని వదులగును. దానిని నీట నానబెట్టుట మనలో వాడుక. నానినకఱ్ఱ ఉబ్బి ఆ పూటకు బిగియును గాని, ఎండిన పిమ్మట మునుపటికంటె వదులగును. అట్టి పిడికి చీల దిగగొట్టించుటయే సరియైన మందు.

మన నిజామాబాదులో పుట్టిన నిఖత్ జరీన్ 2022వ సంవత్సరమున ఇస్తాంబులులోను, 2023వ సంవత్సరమున ఢిల్లీలోను ప్రపంచ ముష్టియుద్ధ విజేత యయ్యెను. మన కందఱకు అంతటి బలము రానక్కఱలేదు. వయసు మీఱినను ఒకరి చేయి పట్టుకొనకుండ లేచి, మెట్లెక్కి, మనుమని నెత్తుకొనగలిగిన చాలును. ఆ పాటి బలము నిత్యాభ్యాసము వలననే నిలుచును. కావున సోదరీమణులారా, ఈ పూట పని తీఱిన పిమ్మట మీ యింటనున్న సాధనముల పిడులను ఒక్కసారి మెలిపెట్టి చూడుడు. వదులైనవానిని "రేపు చూతము" అని విడువకుడు. ఎవరో వచ్చి బాగుచేయుదురని కనిపెట్టుకొని యుండకుడు. ఒక అల్లికసూది, ఒక దారము, కొంచెము స్పిరిటు, ఒక మధ్యాహ్నము — ఇంతకంటె ఎక్కువ సామగ్రి దీనికి పట్టదు.