తామర ఎందుకు తిరగబెడుతుంది?

గజ్జల్లోనో నడుము చుట్టూనో తామర వస్తుంది. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు చేతిలో పెడతారు. రాసిన రెండు మూడు రోజులకే దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది. ట్యూబు మానేశాక కొద్ది రోజులకే మళ్లీ మొదలు, ఈసారి ఇంకాస్త వెడల్పుగా. ఎందుకిలా?

ఆ ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్ అనో, బెటామెథసోన్ అనో ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. తామరకు కారణమైన ఫంగస్‌తో మన ఒళ్లు పోరాడుతుంది కాబట్టే ఎరుపు, దురద. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది, ఫంగస్‌ని కాదు. పక్కన ఫంగస్ మందు కలిపినా, అడ్డులేని చోట అది పాకుతూనే పోతుంది. గుండ్రటి అంచు చెదిరిపోయి, డాక్టర్లే ఒక పట్టాన పోల్చుకోలేని రూపానికి వస్తుంది. నెలల తరబడి రాస్తే తొడల చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇంకో చిక్కు ఫంగస్‌లోనే ఉంది. ఇప్పుడు మన దేశంలో విస్తరించిన జాతికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. తామరకు వాడే టెర్బినాఫిన్ మందు దెబ్బతీయాల్సిన ఎంజైమే చాలామంది రోగుల్లోని ఫంగస్‌లో మారిపోయింది. పక్కింటివాళ్లకు పనిచేసిన మాత్ర మీకు పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

పిల్లల తలలో పొట్టు రాలుతూ, వెంట్రుకలు మొదట్లోనే తెగి నల్లచుక్కల్లా కనిపిస్తే చుండ్రని షాంపూలతో సరిపెట్టకండి. అదీ తామరే కావచ్చు, అక్కడ ఫంగస్ వెంట్రుకలోనే ఉంటుంది. పూత అంతవరకు చేరదు, వారాల తరబడి మాత్రలు తప్పవు.

మరి ఎలా పోతుంది? డాక్టరు రాసిన పూతను మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి. మచ్చ మాయమయ్యాక కూడా ఆయన చెప్పినన్నాళ్లు ఆపకూడదు. నడుము దగ్గర తామర ఉన్నవాళ్లు మొలతాడు తీసేయాలి: చెమటకు నాని, ఆరక, ఫంగస్‌ని అక్కడే అట్టిపెడుతుంది. తువ్వాలు ఎవరిది వాళ్లదే. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకీ అప్పుడే వైద్యం జరగాలి, లేకపోతే ఒకరినుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లండి. ఏం రాశారో దాచకుండా చెప్పండి.