గుర్రపువాతము - దాని పుట్టుక

తొలిచూలు స్త్రీకి ఎనిమిదవ నెల నడుచుచుండగా పాదములకు నీరు దిగును. నెలలు నిండుచున్నవి గనుక అది సహజమేనని ఇంటిలోని పెద్దలు ఊరడింతురు. కొన్ని దినములకు తలనొప్పి వచ్చును. కన్నుల ముందు మెరుపులో, చీకట్లో తోచును. రొమ్ము క్రింద కుడిప్రక్కన నొప్పి కలుగును. ఇవి అజీర్తి వలననో, నిద్రలేమి వలననో కలిగినవని ఊరకుందురు. అంతలో ఒకనాడు ఆమెకు కాళ్ళు చేతులు కొట్టుకొని, పండ్లు గిట్టకరచి, స్పృహ తప్పును. తెలుగునాట ఈ వ్యాధికి గుర్రపువాతమని పేరు. గాలి సోకినదని తలచి భూతవైద్యుని కొరకు పరుగెత్తి, విలువైన కాలమును పోగొట్టుకొన్నవారును కలరు.

పాశ్చాత్య వైద్యులు దీనిని ఎక్లాంప్సియా అందురు. గ్రీకు భాషలో ఆ మాటకు తటాలున మెరయుట యని అర్థము. మెరుపు వలె ఈ మూర్ఛ చెప్పకుండ వచ్చునని పూర్వులు భావించిరి. కాని మెరుపునకు ముందు మబ్బు పట్టునట్లు, చాలవరకు ఈ మూర్ఛకు ముందును ఒక అవస్థ కలదు. దానికి ప్రీఎక్లాంప్సియా, అనగా గుర్రపువాతమునకు పూర్వావస్థ యని పేరు. ప్రపంచమందు నూరుగురు గర్భిణులలో 2 మొదలు 8 మంది వరకు ఈ అవస్థకు లోనగుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము దీని వలన ఏటేట సుమారు 46,000 మంది తల్లులును, సుమారు 5 లక్షల మంది గర్భస్థ శిశువులు, పసికందులును మరణించుచున్నారు.

ఇంతటి వ్యాధి ఎచ్చట పుట్టుచున్నది? తల్లి దేహమందా, బిడ్డ యందా, లేక ఈ యిరువురిని కలుపు మాయ యందా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

రెండు ఆనవాళ్ళు

1843లో లండన్ నగరమందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్, మూర్ఛలు వచ్చిన గర్భిణుల మూత్రమందు ఆల్బుమిన్ అను మాంసకృత్తు ఉండుటను గుర్తించెను. ఆరోగ్యవంతుల మూత్రపిండములు మాంసకృత్తులను రక్తములోనే నిలిపి, మలినములను మాత్రమే వెలికి పంపును. మంచి జల్లెడ పిండిని పట్టి నూకను నిలుపునట్లు ఇది జరుగును. మూత్రమందు ఆల్బుమిన్ కనబడినదన్నచో జల్లెడకు చిల్లులు పడినవని అర్థము. 1896లో ఇటలీ దేశస్థుడు రీవా-రొచ్చి చేతికి పట్టీ కట్టి రక్తపు పోటును కొలుచు సాధనమును వెలువరించెను. ఆ సాధనముతో చూడగా ఈ స్త్రీలకు రక్తపు పోటు కూడ హెచ్చియుండుట తేటపడినది.

నేటి నిర్ణయము ప్రకారము, గర్భము 20 వారములు దాటిన పిదప, అంతకుముందు పోటు లేని స్త్రీకి, కనీసము 4 గంటల యెడముతో రెండు మారులు కొలిచినను రక్తపు పోటు 140/90 లేక అంతకు మించి యుండి, దానితోపాటు మూత్రమందు మాంసకృత్తు కనబడినచో అది ప్రీఎక్లాంప్సియా యగును. మూత్రము శుభ్రముగా నున్నను, కాలేయము, మూత్రపిండములు, మెదడు, రక్తము గడ్డకట్టు శక్తి - వీనిలో ఏదేని చెడిన లక్షణమున్నచో అప్పుడును అదే వ్యాధి యని నిర్ణయింతురు. పాదములకు నీరు దిగుట మాత్రము ఆరోగ్యవతులైన గర్భిణులలో కూడ విరివిగా కనబడును. అందుచే అదొక్కటే వ్యాధికి ఋజువు కాజాలదు.

దోషి యెవరు?

రక్తమందు ఏదో విషము చేరుటచే ఈ వ్యాధి కలుగుచున్నదని పూర్వ వైద్యులు నమ్మిరి. కనుకనే దీనికి చాలకాలము టాక్సీమియా, అనగా రక్తము విషపూరితమగుట యను పేరు వాడుకలో నుండెను. ఆ విషమునకై వెదకిన వారికి అది దొరకలేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క వాదమును తెచ్చుటచే, దీనికి సిద్ధాంతముల వ్యాధి యను ఎగతాళి పేరు కూడ వచ్చినది.

అయితే ప్రకృతియే ఒక ఆధారమును చూపినది. కొందరు స్త్రీలకు ముత్యాల గర్భము వచ్చును. అందు మాయ ద్రాక్షగుత్తి వలె బుడగలు బుడగలుగా పెరుగును. పూర్తి ముత్యాల గర్భమందు బిడ్డ అసలే యుండదు. ఐనను అట్టి స్త్రీలకు ప్రీఎక్లాంప్సియా రావచ్చును. బిడ్డ లేకున్నను వ్యాధి వచ్చుచున్నది గనుక దోషము బిడ్డది కాదు. మాయ లేనిదే ఈ వ్యాధి లేదు. మాయ బయటపడిన పిదప చాలమందికి కొన్ని దినములలోనో, వారములలోనో పోటు దిగివచ్చును. అందుచే పరిశోధకుల దృష్టి మాయవైపు మరలినది.

తూము తలుపును తొలగించు కణములు

మాయ తల్లి అవయవమని పలువురు తలంతురు. నిజమునకు అది బిడ్డకు చెందినది. ఏ అండము నుండి బిడ్డ ఏర్పడునో, దాని నుండియే మాయయు ఏర్పడును. తల్లి గర్భాశయపు గోడలో మెలికలు తిరిగిన సన్నని ధమనులు నూటికి అటునిటుగా మాయ క్రిందికి వచ్చి తెరచుకొనును. ఈ ధమనుల గోడలలో కండరముండును. చెరువు తూమునకు తలుపు ఉన్నట్లే, తల్లి దేహము ఆ కండరమును బిగించి రక్తమును తగ్గింపగలదు, వదలి హెచ్చింపగలదు.

గర్భము నిలిచిన మొదటి నెలలలో మాయ నుండి ట్రోఫోబ్లాస్టులను కణములు బయలుదేరి తల్లి గర్భాశయపు గోడలోనికి చొచ్చుకొనిపోవును. అవి ఆ ధమనులను చేరి, వాని కండరమును కరగించి, ఆ స్థలమందు తామే నిలుచును. తలుపు తొలగిపోవును. ధమని నోరు గరాటు వలె విప్పారి, వెడల్పు సుమారు 5 రెట్లగును. ఇక రక్తము నెమ్మదిగా, నిండుగా, ఎడతెగకుండ మాయకు చేరును. నెలలు నిండిన నాటికి గర్భాశయమునకు నిమిషమునకు అర లీటరునకు మించిన రక్తము పారును.

బెల్జియం దేశపు శాస్త్రజ్ఞుడు ఈవో బ్రోసెన్స్, ఆయన సహచరులు 1967లోను, 1972లోను ప్రకటించిన పరిశోధనలలో ఈ మార్పును వివరించిరి. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలలో ట్రోఫోబ్లాస్టులు లోతునకు పోక, పై పొరలోనే ఆగిపోవుటను వారు చూచిరి. ధమని నోరు ఇరుకుగానే యుండును. ఇరుకు నోటి నుండి రక్తము పిచికారి వలె వేగముగా కొట్టి, మాయలోని మెత్తని పోగులను గాయపరచును. ఒకప్పుడు ప్రాణవాయువు హెచ్చుగా, ఒకప్పుడు తక్కువగా అందుటచే మాయ కణములు క్షోభించును. కొందరు బిడ్డలు గర్భమందే బరువు తగ్గుటకును ఇదియే కారణము.

ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. ఈ లోపము తొలి నాలుగైదు నెలలలోనే జరిగిపోవును. వ్యాధి బయటపడునది మాత్రము 20 వారముల తరువాత, చాలమందికి ఎనిమిదవ, తొమ్మిదవ నెలలలో. నడుమ కాలమంతయు గర్భిణికి ఏ బాధయు తెలియదు.

పరాయి కణములతో పొత్తు

ట్రోఫోబ్లాస్టులు ఎందుకు ఆగిపోవును? మాయలో సగము తండ్రి జన్యువులుండును. తల్లి దేహమునకు అది సగము పరాయిదే. పరాయి కణములను ఎదుర్కొను రక్షకకణములు గర్భాశయమందు పెక్కు కలవు. గర్భమందు వాని పని చంపుట కాదు. చొచ్చుకొనివచ్చు కణములతో పొత్తు కుదుర్చుకొని, ధమనులను మార్చుటకు అవి సాయపడును. 2004లో కేంబ్రిడ్జి పరిశోధకురాలు ఆష్లీ మాఫెట్, ఆమె సహచరులు ఒక విషయమును వెల్లడించిరి. తల్లి రక్షకకణములపై నుండు గుర్తింపు అణువులలో కొన్ని, బిడ్డకు తండ్రి నుండి వచ్చిన కొన్ని అణువులతో జతపడినప్పుడు ఈ పొత్తు సరిగా కుదరక, వ్యాధి హెచ్చుగా వచ్చుచున్నది. తొలిచూలు స్త్రీలకు ఈ వ్యాధి ఎక్కువగా వచ్చుటకు, తల్లి దేహము ఆ తండ్రి అణువులకు ఇంకను అలవాటు పడకుండుట ఒక కారణమని తలంచుచున్నారు.

రక్తములోని వల

మాయ గర్భాశయమందున్నది. మరి మెదడు, కన్ను, మూత్రపిండము ఎందుకు చెడును? 2003లో అమెరికాలోని బోస్టన్ నగరమందు అనంత్ కరుమంచి, షారన్ మేనార్డ్, వారి సహచరులు దీనికి ఒక సమాధానమును కనుగొనిరి.

రక్తనాళముల లోపలి పొర ఆరోగ్యముగా నుండుటకు వి.ఇ.జి.ఎఫ్. అను ప్రోటీను నిత్యము కావలెను. కణముల మీద దీనిని అందుకొను గ్రాహకములుండును. క్షోభించిన మాయ, అట్టి గ్రాహకమునే కణమునకు అంటకుండ తెంచినట్టి రూపములో రక్తములోనికి విరివిగా వదలును. దాని పేరు ఎస్.ఎఫ్.ఎల్.టి.-1. ఏటిలో వల పన్నినట్లు అది తల్లి రక్తమందు తిరుగుచు, వి.ఇ.జి.ఎఫ్.ను, దాని తోబుట్టువైన పి.ఎల్.జి.ఎఫ్.ను దారిలోనే పట్టివేయును. నాళములకు చేరవలసిన పోషణ చేరదు.

శాస్త్రజ్ఞులు ఈ పదార్థమును చూలు ఎలుకలలో హెచ్చింపగా వానికి రక్తపు పోటు పెరిగినది, మూత్రమందు మాంసకృత్తు కనబడినది, మూత్రపిండములందు ఈ వ్యాధికే ప్రత్యేకమైన మార్పులు కలిగినవి. చూలు లేని ఎలుకలకు సైతము పోటు, మాంసకృత్తు కనబడినవి. వ్యాధి లక్షణములు పైకి కనబడుటకు సుమారు 5 వారముల ముందే ఈ పదార్థము రక్తమందు హెచ్చుచున్నదని 2004లో తేలినది. వేరొక సాక్ష్యము పుట్టకురుపు చికిత్స నుండి వచ్చినది. కాన్సరు గడ్డకు నెత్తురు అందకుండ వి.ఇ.జి.ఎఫ్.ను అణచు మందులు వాడినప్పుడు, కొందరు రోగులకు రక్తపు పోటు, మూత్రమందు మాంసకృత్తు కలుగుచున్నవి. ఈ గ్రాహకమునకు సంబంధించిన జన్యువు 13వ క్రోమోసోముపై కలదు. బిడ్డకు ఆ క్రోమోసోము రెండు బదులు మూడున్నప్పుడు తల్లికి ప్రీఎక్లాంప్సియా హెచ్చుగా వచ్చుట కూడ దీనికి సరిపోవుచున్నది. పూర్వులు వెదకిన విషము ఈ విధముగా, బయటి నుండి కాక, మాయ నుండియే దొరకినది.

నాళముల లోపలి పొర దెబ్బతినుటయే ఈ వ్యాధి లక్షణములన్నింటికి దారము. నాళములు బిగుసుకొనగా పోటు హెచ్చును. మూత్రపిండపు జల్లెడ తెగి మాంసకృత్తు జారును. నాళముల నుండి నీరు ఊరి ముఖము, చేతులు ఉబ్బును. కాలేయము వాచి కుడిప్రక్కన నొప్పి కలుగును. మెదడు నాళములు చెడి తలనొప్పి, చూపు మసక, కడపట మూర్ఛ కలుగును.

అయితే ప్రతి గర్భిణికి కథ ఇట్లే నడువదు. 34 వారములకు ముందు వచ్చు వ్యాధిలో ధమనుల లోపము స్పష్టముగా కనబడును. నెలలు నిండుచుండగా వచ్చు వ్యాధిలో తల్లి దేహస్థితికి పాలు ఎక్కువ. ముందునుండి రక్తపు పోటు, మధుమేహము, మూత్రపిండ వ్యాధి, స్థూలకాయము ఉన్నవారి నాళములు కొద్దిపాటి దెబ్బకే లొంగును. కవలలను మోయు తల్లికి మాయ పెద్దది గనుక భారమును పెద్దదే. తల్లికో, అక్కచెల్లెండ్రకో ఈ వ్యాధి వచ్చియుండుట కూడ ఒక హెచ్చరిక.

తెలిసినదాని ప్రయోజనము

మూలము తొలి నెలలలో నున్నది గనుక నివారణయు అప్పుడే మొదలు కావలెను. ముప్పు హెచ్చుగా నున్న స్త్రీలకు 11 - 14 వారముల మధ్య మొదలుపెట్టి, దినమునకు 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చినచో, 37 వారములకు ముందు వచ్చు వ్యాధి 62 శాతము తగ్గినదని 2017లో ప్రకటితమైన పరీక్ష తెలుపుచున్నది. దీనిని వైద్యుని సలహా లేనిదే వాడరాదు. ఆహారమందు సున్నపు ధాతువు తక్కువగా నున్న ప్రాంతములలో కాల్షియం మాత్రలు మేలు చేయును. మన దేశమందు 14వ వారము నుండి వీనిని ఇచ్చు పద్ధతి కలదు. ఉప్పు మానుట వలన గాని, నీరు తీయు మాత్రల వలన గాని ఈ వ్యాధి ఆగదు.

వ్యాధి ముదిరినప్పుడు మూర్ఛ రాకుండ మెగ్నీషియం సల్ఫేటు సూదిమందు కాపాడును. 33 దేశములలో పదివేలమందికి పైగా స్త్రీలపై జరిగి 2002లో ప్రకటితమైన పరీక్షలో, ఇది మూర్ఛలను సగమునకు మించి తగ్గించినది. కాని వ్యాధికి మందు కాన్పు ఒక్కటే. బిడ్డ ఎదుగుదలను, తల్లి ముప్పును తూచి, ఎప్పుడు కాన్పు చేయవలెనో వైద్యులు నిర్ణయింతురు. కాన్పుతో జాగ్రత్త ముగియదు. పురిటి పిదప, ముఖ్యముగా మొదటి రెండు దినములలో, మూర్ఛ రావచ్చును. ఒక్కొక్కప్పుడు కొన్ని వారములకు సైతము రావచ్చును. ఈ వ్యాధి వచ్చిపోయిన స్త్రీలకు మున్ముందు గుండెజబ్బుల ముప్పు ఇతరులకన్న సుమారు రెండింతలు గనుక, ఆమె ఏటేట పోటు చూపించుకొనుట మేలు.

తెలుగునాట తొలిచూలు ఆడపడుచును ఏడవ నెలలోనో, తొమ్మిదవ నెలలోనో పుట్టింటికి తెచ్చుట ఆచారము. వ్యాధి తలయెత్తు కాలమును అదియే. ఆమె మొదటి నెలల పోటు ఎంతయో కొత్త ఊరి వైద్యునికి తెలియదు. సాధారణముగా నడినెలలలో గర్భిణుల పోటు కొంత తగ్గును. 100 ఉన్నవారికి 138 అయినచో అది హద్దు దాటకున్నను హెచ్చరికయే. కనుక చీరెసారెలతో పాటు ఆమె పరీక్షల కార్డు కూడ పుట్టింటికి రావలెను. 2016 నుండి ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు చేయుచున్నారు. చేతికి పట్టీ కట్టి పోటు చూచుటకును, మూత్రమందు కాగితపు పుల్ల ముంచి చూచుటకును పట్టు కాలము కొద్ది నిమిషములే. ఏ బాధయు లేని గర్భిణికి ఈ పరీక్షలెందుకని అడుగువారికి మాయ కథయే సమాధానము. బాధ తెలియు నాటికి వ్యాధి వయస్సు చాల నెలలు.