కొసరు కోసం సరుకు కొనొద్దు: కార్డు పాయింట్లతో ఇంటి టికెట్

కార్డు పాయింట్ల మీద ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే మాట అన్నారు: "అన్నా, వింటుంటే బాగానే ఉంది గానీ లెక్కలు చెవిలో నిలబడ్తలేవు." నిజమే, బండి నడుపుతూ వినేవాళ్లకు శాతాలు ఏం గుర్తుంటాయి? అందుకే ఆ లెక్కలన్నీ ఇక్కడ నిదానంగా రాసి పెడుతున్నా.

నా గురించి రెండు ముక్కలు. మాది జగిత్యాల వైపు ఊరు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేశా. తొమ్మిదేళ్లు దుబాయ్‌లో పని చేసి, తర్వాత సస్కటూన్ వచ్చా. ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్ పని. నేను బ్యాంకు మనిషిని కాదు. చేతులు కాల్చుకుని నేర్చుకున్నవే ఇక్కడ చెబుతున్నా.

సస్కటూన్‌లో డీఫెన్‌బేకర్ విమానాశ్రయం నుంచి మన దేశానికి నేరుగా విమానం లేదు. ముందు టొరంటోకో ఇంకో పెద్ద ఊరికో పోవాలి, అక్కడి నుంచి ఢిల్లీ లేదా ఫ్రాంక్‌ఫర్ట్, ఆపైన శంషాబాద్. మళ్లీ జేబీఎస్ నుంచి జగిత్యాల బస్సు. మేం నలుగురం. ఒకసారి డిసెంబర్ సెలవులకు రేటు అడిగితే అందరికీ కలిపి 8,000 డాలర్లు దాటింది. అప్పటి నుంచే పాయింట్ల మీద ఆశ మొదలైంది.

నేను చేసిన రెండు తప్పులు

మొదటిది 2019లో. కొత్త కార్డు తీసుకుంటే, మూడు నెలల్లో 3,000 డాలర్లు ఖర్చు పెడితే పెద్ద బోనస్ అన్నారు. మా ఇంటి ఖర్చు అంత లేదు. పాత ఫ్రిజ్ బాగానే పని చేస్తున్నా కొత్తది కొన్నా, పెద్ద టీవీ కొన్నా. బోనస్ వచ్చింది. అంతలోనే చలికాలం వచ్చి సైట్‌లో పని తగ్గింది. కార్డు బాకీ మొత్తం కట్టలేక నెలనెలా మినిమమ్ కట్టుకుంటూ పోయా. ఎనిమిది నెలల వడ్డీ దాదాపు 400 డాలర్లు, కార్డు ఏడాది ఫీజు 120. నాకొచ్చిన బోనస్ విలువ ఎంత లాగినా 300 దాటలేదు. పైగా అక్కర లేని టీవీ.

రెండోది 2022లో. అప్పటికి బాకీ తీర్చి, మెల్లగా పాయింట్లు కూడబెట్టా. అక్టోబర్‌లో పాయింట్ల క్యాటలాగ్ చూసి కాఫీ మెషీన్ తెప్పించుకున్నా. నవంబర్‌లో ఊరి నుంచి ఫోన్ వచ్చింది, బాపుకు బాగాలేదని. రేపటికో ఎల్లుండికో టికెట్ అంటే మామూలు రేటుకు ఎక్కడో ఉంది. చేతిలో అన్ని పైసలు లేవు, పాయింట్లు కాఫీ మెషీన్ అయి కూర్చున్నాయి. ఒక దోస్తు దగ్గర అప్పు తీసుకుని బయల్దేరేసరికి నాలుగు రోజులు పట్టింది. నేను ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది.

పాయింట్లు ఉంటే కచ్చితంగా బాపును చూసేవాణ్ణి అని చెప్పలేను, సీటు దొరకాలి కదా. కానీ అడగడానికి నా దగ్గర పాయింట్లే లేవు. ఆ తర్వాతే ఈ సంగతి గట్టిగా పట్టించుకున్నా.

అసలు పాయింట్ అంటే ఏంటి?

మన ఊళ్లో కిరాణా కొట్టులో శెనగలు కొంటే చివర్లో గుప్పెడు కొసరు వేస్తారు చూడండి, అదే పాయింట్. అదేం ఊరికే రాదు. మనం కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు ఫీజు కడతాడు, అందులోంచి కొంత మనకు తిరిగొస్తుంది. బాకీ మోసేవాళ్లు కట్టే వడ్డీ కూడా బ్యాంకుకు ఆదాయమే. అంటే బాకీ లేకుండా కట్టేవాళ్ల కొసరులో బాకీ మోసేవాళ్ల పైసలు కూడా ఉంటాయి. 2019లో నేను ఆ రెండో వరసలో నిలబడ్డా.

లెక్క చూడండి. 2,000 డాలర్లు ఖర్చు పెడితే ఒక శాతం కొసరు చొప్పున 20 డాలర్లు. అదే 2,000 కట్టకుండా వదిలేస్తే, 19.99 శాతం వడ్డీ అనుకుంటే ఒక్క నెలకే 33 డాలర్లు. ఒక్క నెలలోనే కొసరు పోయి చేతి పైసలు కూడా పోయాయి. మన దగ్గర మనవలను చూసి "అసలు కంటే వడ్డీ ముద్దు" అంటారు. కార్డు బ్యాంకుకైతే ఆ మాట నిజంగానే వడ్డీ గురించే.

కెనడాలో చట్టం ప్రకారం, బాకీ మొత్తం గడువులోపు కట్టేవాళ్లకు కొత్త కొనుగోళ్ల మీద కనీసం 21 రోజులు వడ్డీ ఉండదు. కానీ ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ. ఇంటికి డబ్బు పంపడానికి క్రెడిట్ కార్డు వాడినా చాలా బ్యాంకులు దాన్ని నగదు తీసినట్టే లెక్కేస్తాయి. పాయింట్లూ రావు. ఇది గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు కూడా చెబుతున్నా: ఇంటికి పంపే పైసలు ఎప్పుడూ జీతం ఖాతా నుంచే.

అంకె చూసి మోసపోవద్దు

"నా దగ్గర 10,000 పాయింట్లు ఉన్నాయి" అంటే ఏం అర్థం కాదు. సూపర్‌స్టోర్‌లో, షాపర్స్ డ్రగ్ మార్ట్‌లో వచ్చే పీసీ ఆప్టిమమ్ అయితే 10,000 పాయింట్లకు 10 డాలర్లు. సోబీస్, సేఫ్‌వేలో నడిచే సీన్ ప్లస్ అయితే 1,000 పాయింట్లకే 10 డాలర్లు. అంటే అదే 10,000 ఒకచోట 10 డాలర్లు, ఇంకోచోట 100.

ఈ రెండూ కిరాణా ఖర్చు తగ్గించే రకం. విలువ ముందే తెలుసు, దాచిపెట్టాల్సిన పని లేదు. అక్కడ మిగిలిన డాలర్లను టికెట్ల ఖాతాలో వేసుకుంటే చాలు.

ఎయిర్ కెనడా వారి ఏరోప్లాన్ సీటు రకం. అక్కడ పాయింట్ విలువ రోజును బట్టి, విమానాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ప్రతిసారీ లెక్క వేసుకోవాలి. టికెట్ నగదు ధరలోంచి, పాయింట్లతో కొన్నా మీరు కట్టాల్సిన పన్నులు తీసేయండి. మిగిలినదాన్ని పాయింట్లతో భాగించండి. ఉదాహరణకు టికెట్ 1,800 డాలర్లు, పన్నులు 200, అడిగిన పాయింట్లు లక్ష అనుకుందాం. 1,600 డాలర్లను లక్షతో భాగిస్తే పాయింటుకు 1.6 సెంట్లు. బాగుంది, తీసుకోవచ్చు. ఒక సెంటు కంటే తక్కువ వస్తే నేను నగదు పెట్టి కొని పాయింట్లు ఉంచుకుంటా. కాఫీ మెషీన్ కూడా ఇలా లెక్కేస్తే ఒక సెంటు కూడా రాలేదు.

ఏరోప్లాన్‌లో ఇంకో మంచి సంగతి: ఒక కుటుంబం నుంచి ఎనిమిది మంది దాకా పాయింట్లు ఒకేచోట కలుపుకోవచ్చు. భార్యవి, భర్తవి విడివిడిగా చిల్లరలా పడి ఉండవు. స్టార్ అలయన్స్‌లో ఉన్న ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా సీట్లు కూడా ఆ పాయింట్లతో అడగొచ్చు. లుఫ్తాన్సా 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమానం మొదలుపెట్టింది కాబట్టి మనవాళ్లకు ఆ దారి కూడా చూడదగ్గదే. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ఎమిరేట్స్ స్కైవార్డ్స్‌లోనూ కుటుంబం కలుపుకునే పద్ధతి ఉంది.

దాచిపెడితే కరిగిపోతాయి

పాయింట్లను బంగారంలా దాచేవాళ్లున్నారు. బంగారం కరగదు, ఇవి కరుగుతాయి. ఏరోప్లాన్‌లో 18 నెలలు ఏ కదలికా లేకపోతే పాయింట్లు పోతాయి. స్కైవార్డ్స్ మైళ్లకు మూడేళ్ల గడువు. కెనడాలో పాతవాళ్లకు ఎయిర్ మైల్స్ కథ తెలుసు. ఐదేళ్లు దాటినవి 2016 చివర్లో రద్దు అన్నారు. జనం గొడవ చేసి, ఒంటారియోలో చట్టం దాకా పోయాక, డిసెంబర్‌లో వెనక్కి తగ్గారు. అప్పటికే చాలామంది భయపడి అక్కర లేని వస్తువులు తీసేసుకున్నారు. 2022లో సోబీస్, సేఫ్‌వే అందులోంచి బయటికొచ్చాయి. 2023లో ఆ కంపెనీ దివాలా రక్షణకు వెళ్తే బ్యాంక్ ఆఫ్ మాంట్రియల్ కొనుక్కుంది. కార్యక్రమం బతికింది గానీ, పాయింటు అనేది కంపెనీ ఇచ్చిన మాట తప్ప మన పైసలు కాదని అప్పుడు అర్థమైంది. ఏదో ఒక ప్రయాణం అనుకుని పోగేయండి, ఆ ప్రయాణానికి వాడేయండి.

కొసరు కంటే ఖర్చు ఎక్కువైన చోట్లు

2022 అక్టోబర్ నుంచి ఇక్కడ దుకాణాలు క్రెడిట్ కార్డు మీద 2.4 శాతం దాకా అదనంగా వసూలు చేయొచ్చు, క్యూబెక్‌లో తప్ప. ఒక శాతం పాయింట్ల కోసం 2.4 కట్టడం ఎందుకు? అక్కడ డెబిట్ వాడండి. కార్డుతో ఇంటి అద్దె కట్టించే యాప్‌లదీ ఇదే లెక్క.

ఊరికి పోయినప్పుడు కెనడా కార్డుతో బంగారం కొంటే చాలా కార్డులు 2.5 శాతం విదేశీ ఫీజు వేస్తాయి. ఐదు లక్షల నగ మీద అది 12,500 రూపాయలు. ఆ ఫీజు లేని కార్డులూ ఉన్నాయి, పోయేముందే అడిగి తెలుసుకోండి.

సైట్‌లో పనిచేసే తమ్ముళ్లకు ఒక మాట. సామాను మన కార్డుతో కొని కంపెనీ దగ్గర తర్వాత తీసుకుంటే పాయింట్లు బాగా వస్తాయి. నేనూ చేశా. కానీ ముందు ఆఫీసు నుంచి రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోండి, రసీదులు అదే రోజు పంపండి. కంపెనీ డబ్బులు ఇవ్వడం ఆలస్యమైతే కార్డు గడువు మీ కోసం ఆగదు.

కొత్తగా వచ్చినవాళ్లు

పెద్ద పాయింట్ల కార్డుల మీదికి వెంటనే పోకండి. వీసా ఇన్ఫినిట్ రకానికి మామూలుగా ఏడాదికి 60,000 డాలర్ల సొంత ఆదాయం లేదా ఇంటిది కలిపి లక్ష అడుగుతారు. పెద్ద బ్యాంకుల్లో కొత్తగా వచ్చినవాళ్లకు ఇచ్చే ఫీజు లేని కార్డు ఉంటుంది. అదీ రాకపోతే డిపాజిట్ కట్టి తీసుకునే కార్డు. లిమిట్ 2,000 ఉంటే 600 దాటకుండా వాడి, నెలనెలా మొత్తం కట్టండి. ఇక్కడ క్రెడిట్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. మొదటి ఏడాది పాయింట్ల కంటే ఆ స్కోరే మీ సంపాదన. రేపు కారు లోను, ఇంటి లోను దాని మీదే నడుస్తాయి.

చవక టికెట్ల వాట్సాప్

మన గ్రూపుల్లో "పాయింట్లతో సగం ధరకే టికెట్" అని వస్తుంటాయి. అవి ఎవరివో పాయింట్లు కొని అమ్మే టికెట్లు. చాలా విమాన సంస్థల నిబంధనల్లో పాయింట్లు అమ్మడం నిషేధం. పట్టుకుంటే టికెట్ రద్దు చేయొచ్చు, ఖాతా మూసేయొచ్చు. పిల్లలతో, నాలుగు సూట్‌కేసులతో కౌంటర్ దగ్గర నిలబడ్డాక "ఈ టికెట్ చెల్లదు" అంటే ఎవరిని అడుగుతారు? అలాంటివి ముట్టుకోవద్దు.

మేం మేడారం ఎలా పోయాం

మా బాబు పుట్టినప్పుడు అవ్వ మొక్కుకుంది, సమ్మక్క సారలమ్మకు నిలువెత్తు బంగారం ఇస్తానని. అంటే పిల్లగాడి బరువంత బెల్లం. జాతర రెండేళ్లకోసారి. బాపు పోయాక అవ్వ దానికోసమే ఎదురుచూస్తూ ఉంది. 2024 జాతర ఫిబ్రవరి 21 నుంచి 24. ఇక్కడ అదే వారం ఫ్యామిలీ డే, బడి సెలవులు కలిసొచ్చాయి. చలికాలం కాబట్టి సైట్‌లో నాకూ సెలవు దొరికింది.

ఏడాది ముందే లెక్క వేసుకున్నాం. నేనొక కార్డు, మా ఆవిడ ఇంకో కార్డు, కొన్ని నెలల తేడాతో తీసుకున్నాం. ఈసారి బోనస్ కోసం ఏమీ అదనంగా కొనలేదు. చలికాలం టైర్లు, ఇన్సూరెన్స్, పిల్లల కోట్లు, ఎలాగూ తప్పని ఖర్చులు వచ్చే నెలలు చూసి తీసుకున్నాం. నెలకు 200 డాలర్లు పక్క ఖాతాలో వేశాం. చివరికి రెండు టికెట్లు పాయింట్లతో, రెండు నగదుతో. పన్నులు నలుగురికీ కట్టాం. నలుగురికీ పాయింట్ల సీట్లు ఒకే రోజు దొరకడం చాలా కష్టం, ఆ ఆశ ముందే వదిలేయండి.

ఇలా రెండు బుకింగ్‌లు అయితే ఒక జాగ్రత్త. పెద్దవాళ్లిద్దరూ ఒకదాంట్లో, పిల్లలిద్దరూ ఇంకోదాంట్లో వద్దు. ఒక్కోదాంట్లో ఒక పెద్ద, ఒక చిన్న పెట్టి, విమాన సంస్థకు ఫోన్ చేసి రెండూ కలపమనండి. ఇంకొకటి, సస్కటూన్ నుంచి హైదరాబాద్ దాకా ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే, మంచుకు మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోదాని బాధ్యత ఎవరిదీ కాదు.

మేడారంలో బెల్లం తూకం వేస్తుంటే అవ్వ అడిగింది: "పాయింట్లతోని వచ్చిన్రట కదా, పాయింట్లంటే ఏంది బిడ్డా, ఓవర్‌టైమా?"

"కాదవ్వా, కొసరు."

"గట్లనా. మరి కొసరు కోసమని ఎక్కువ సరుకు కొన్నవా?"

"ఒకసారి కొన్న. మళ్ల కొనలే."

ఇప్పుడు మా ఇంట్లో ఒకటే నియమం. సీటు పాయింట్లలో ఒక మనిషి ఇంటికి పోయేంత ఎప్పుడూ ముట్టుకోం. సెలవులకూ కాదు, వస్తువులకూ కాదు. 18 నెలల గడువు దాటకుండా నెలకో చిన్న కొనుగోలు చేస్తే అవి బతికే ఉంటాయి. ఊళ్లో అవ్వ ఒక్కతే ఉంది. ఏ రాత్రి ఫోన్ మోగుతుందో తెలియదు కదా.

మీరు కూడా ఈ రాత్రి కార్డు స్టేట్‌మెంట్ తీసి రెండు అంకెలు చూడండి: ఈ ఏడాది మీకొచ్చిన పాయింట్ల విలువ ఎంత, మీరు కట్టిన వడ్డీ, ఫీజులు ఎంత. రెండోది ఎక్కువుంటే పాయింట్ల సంగతి పక్కన పెట్టి ముందు బాకీ తీర్చండి. అది అయ్యాక ఈ ఎపిసోడ్ మళ్లీ వినండి.