ఏలేవారి ధర్మం



ధర్మం అనగానే మనకు తోచేవి మనం చేయవలసిన పనులు. తల్లిదండ్రుల మాట వినడం, గురువును గౌరవించడం, నిజం పలకడం, ప్రాణుల పట్ల దయగా ఉండడం. చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలోనూ, కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ అశోక చక్రవర్తి రాళ్లమీద చెక్కించినవి ఇవే. ఇవన్నీ ప్రజల ధర్మాలు. మరి ఏలేవారికి ధర్మం లేదా? ఉన్నది. అది ఏమిటో జౌగడ, సన్నతి శాసనాలు చెబుతాయి.

జౌగడ ఒడిశాలోని గంజాం జిల్లాలో, ఋషికుల్యా నది దగ్గర ఉన్నది. మౌర్యుల నాడు అక్కడి నగరం పేరు సమాపా. సన్నతి కర్ణాటకలోని కలబురగి జిల్లాలో, భీమానది ఒడ్డున ఉన్నది. అక్కడి శాసనం 1986లో చంద్రలాంబ ఆలయ ఆవరణలో, దేవతా విగ్రహానికి పీఠంగా వాడిన రాతిమీద బయటపడింది.

క్రీస్తు పూర్వం 261 ప్రాంతంలో కళింగ యుద్ధం జరిగింది. లక్షమంది హతులయ్యారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, అందుకు తాను దుఃఖిస్తున్నానని అశోకుడు పదమూడవ శాసనంలో చెప్పుకున్నాడు. ఎర్రగుడి బండమీద ఉన్న ఈ శాసనం కళింగంలోని జౌగడలోనూ, ధౌళిలోనూ లేదు. దెబ్బతిన్న వారి ఎదుట పశ్చాత్తాపం ప్రకటించడానికి బదులు, వారిని ఎలా పాలించాలో తన అధికారులకు ఆజ్ఞాపించాడు. అవే రెండు ప్రత్యేక శాసనాలు. సన్నతి రాతిమీద కూడా అవి ఉన్నాయి.

మొదటిది న్యాయం చూసే అధికారులకు. ప్రజలందరూ రాజుకు బిడ్డలవంటివారు. కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టకూడదు, బాధించకూడదు. అసూయ, కోపం, కాఠిన్యం, తొందరపాటు, సోమరితనం ఉన్నవాడు న్యాయం చేయలేడు. ఇది సక్రమంగా సాగుతున్నదో లేదో చూడడానికి అయిదేళ్లకొకసారి సౌమ్యుడైన అధికారిని పంపుతానని కూడా రాజు అన్నాడు.

రెండవది మనవంటి సరిహద్దువారు ప్రత్యేకంగా వినదగినది. తన రాజ్యం అంచుల అవతల, తాను జయించని ప్రజలు తనను చూసి భయపడరాదనీ, తనవల్ల వారికి సుఖమే కలగాలిగాని దుఃఖం కాదనీ అందులో ఉన్నది. అయితే క్షమించదగినంత మేరకే క్షమిస్తానని కూడా చెప్పాడు. దయతోపాటు రాజదండం కూడా అక్కడే ఉన్నదన్నమాట.

ఈ శాసనాలను రాతిమీద చెక్కి వదిలివేయలేదు. తిష్య నక్షత్రం, అంటే మన పుష్యమి, వచ్చిన రోజున వాటిని చదివి వినిపించాలి. మధ్యలో సందర్భం వస్తే, వినేవాడు ఒక్కడే అయినా వినిపించాలి. అధికారి ధర్మం ఏమిటో సామాన్యుడికి కూడా తెలియాలన్నదే దీని ఫలితం. తెలిసినవాడే కదా అడగగలిగేది!

పిల్లలకు మనం బ్రహ్మగిరి మాటలు నేర్పుతూనే ఉన్నాం. పెద్దల మాట వినమంటున్నాం, నిజం చెప్పమంటున్నాం. వాటితోపాటు జౌగడ మాట కూడా నేర్పితే, రేపు కుర్చీలో కూర్చున్నప్పుడు ఎదుట నిలబడినవాడి భాష వేరైనా, ఊరు వేరైనా, వాడికి న్యాయం చేయడం తమ ధర్మమని వారికి గుర్తుంటుంది.