మానని పుండును నర్సమ్మకు చూపండి

మైదుకూరు ప్రాంతం పసుపు పంటకు పేరు పొందినది. గాయమైతే పసుపు అద్దడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. క్యాన్సరుకు మాత్రం అది చాలదు.

రెండు వారాలైనా మానని నోటిపుండు, రొమ్ములో గడ్డ, ముట్లుడిగిన తరువాత రక్తస్రావం కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయరాదు. పెద్దాసుపత్రి దూరమని వెనుకాడనూ వద్దు. ఆయుష్మాన్ భారత్ పథకం 2018లో మొదలైన తరువాత, నర్సింగ్ చదివి ప్రత్యేక శిక్షణ పొందినవారిని గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో నియమించారు. వీరినే ఎం.ఎల్.హెచ్.పి.లు అంటారు. 30 ఏళ్లు దాటినవారిలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల అనుమానిత లక్షణాలను గుర్తించి, వైద్యుని వద్దకు పంపడం వీరి విధుల్లో ఒకటి. వ్యాధి నిర్ధారణ మాత్రం ముక్క పరీక్ష ద్వారానే జరుగుతుంది.

అమెరికాలో ఇట్టి బాధ్యతలకు నర్సులకు, వైద్య సహాయకులకు ప్రత్యేక శిక్షణ 1965లోనే ఆరంభమైంది. అక్కడ వీరు వైద్యునితో కలిసి క్యాన్సర్ రోగుల చికిత్సను కూడా చూస్తారు.

చికిత్స ఆరంభమయ్యాక కూడా నర్సు సహాయం అవసరమే. కీమోథెరపీ పొందుతున్నవారికి జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే తెల్లవారేదాకా ఆగక వెంటనే ఆసుపత్రికి తెలపాలి. కషాయాలు, లేహ్యాలు వాడుతుంటే దాచక చెప్పాలి. కొన్ని మూలికలు మందుల పనికి అడ్డు తగులుతాయి.