పల్నాడు అంటే పౌరుషమేనా? ఆ పేరు వెనక ఇంత కథ ఉందా!

పల్నాడు.. ఈ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది కోడిపందెం, కత్తులు, పౌరుషం. 2024 మేలో పోలింగ్ టైంలో జరిగిన గొడవలతో ఆ ముద్ర ఇంకా గట్టిపడింది. మరి పల్నాడు అంటే అంతేనా?

ఎక్కడుంది?
2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం నరసరావుపేట. ఉత్తరాన కృష్ణా నది, పడమటి వైపు నల్లమల కొండలు. మాచర్ల దగ్గర చంద్రవంక వాగు మీద ఎత్తిపోతల జలపాతం ఉంది.

ఆ పేరెలా వచ్చింది?
పల్లవులు ఏలిన నాడు కాబట్టి పల్నాడు అని కొందరంటారు. పాలలాంటి తెల్లరాయి దొరికే నేల కాబట్టి పాలనాడు అని ఇంకొందరి మాట. పేరు సంగతి ఎలా ఉన్నా రాయి మాత్రం నిజం. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలు ఈ ప్రాంతపు సున్నపురాయితో చెక్కినవే. నాగార్జునకొండ శిల్పాలదీ అదే రాయి. సున్నపు బట్టీలతో పిడుగురాళ్లకు లైమ్ సిటీ అని పేరొచ్చింది. దుర్గిలో ఇప్పటికీ రాతి శిల్పాలు చెక్కుతున్నారు.

ఆంధ్ర కురుక్షేత్రం
12వ శతాబ్దంలో గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్లు వలస వెళ్లారు. గడువు తీరాక వస్తే రాజ్యం ఇవ్వలేదు. చివరికి కారంపూడిలో నాగులేరు ఒడ్డున యుద్ధం. జూదం, వనవాసం, దాయాదుల పోరు.. అంతా భారతంలాగే ఉంది కదా? అందుకే ఆ పేరు.

అయితే అదే కథలో చాపకూడు కూడా ఉంది. అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడని చెబుతారు. కత్తులు గుర్తున్నంతగా ఇది గుర్తుండదు. పశువుల మేతపై వేసిన పుల్లరి పన్నును ఎదిరించి 1922లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన కన్నెగంటి హనుమంతు కూడా ఈ గడ్డ మనిషే.

ఇప్పటి పోరు నీళ్ల కోసం
పక్కనే నాగార్జునసాగర్ ఉన్నా మెట్ట ఊళ్లకు నీళ్లు ఎక్కవు. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు రైతులు వరికపూడిశెల ఎత్తిపోతల కోసం దశాబ్దాలుగా అడుగుతున్నారు. పౌరుషాల గడ్డ అని పిలిచేటప్పుడు ఈ మాట కూడా గుర్తుంటే బాగుంటుంది.